మీ నాయన ఎజ్డీ గురించి

కర్నూలు,
ఫిబ్రవరి 1, 2026.

ప్రియమైన బావా,

  రాజంపేట మనిషి ఒకాయన బుధవారం చెన్నైలో కువైట్ విమానం ఎక్కుతున్నాడు, అతని చేతికి ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను. ఫోన్లో రెండు ముక్కలు చెప్పి, నాలుగు ఫొటోలు పెడితే సరిపోయే సంగతి కాదిది. చివర్లో నిన్నొకటి అడగాలి. అది అడగాలంటే ముందు జరిగినదంతా నీకు తెలియాలి.

మన జావా, ఎజ్డీ మోటారుసైకిళ్ల వాళ్లం ఈసారి కర్నూలు నుంచి కడప దాకా కలిసి తిరిగాం. జనవరి 26 సోమవారం పడింది కాబట్టి శని, ఆది, సోమవారాలు కలిసొచ్చాయి. శనివారం తెల్లవారకముందే కొండారెడ్డి బురుజు కింద బళ్లు చేరడం మొదలైంది. నంద్యాల, అనంతపురం, బళ్లారి, హైదరాబాదు, బెంగళూరు నుంచి ముప్పైకి పైగా వచ్చాయి. ముదురు మెరూన్ రంగు జావాలు, ట్యాంకు పక్కలకు క్రోమ్ పూతతో నిగనిగలాడుతూ. ఎజ్డీల్లో క్లాసిక్‌లు, రోడ్‌కింగ్‌లు. బళ్లారి ఆయన దగ్గర రెండు సిలిండర్ల 350 ఉంది. ఈ బళ్లు చేసిన మైసూరు ఫ్యాక్టరీ వాళ్లు 1980లలో కొన్నాళ్లే చేసిన బండి అది, రోడ్డు మీద కనబడడమే అరుదు. ఆ చలిలో టూ-టి ఆయిల్ కాలిన పొగ వాసన ముక్కుకు తగలగానే నువ్వే గుర్తొచ్చావు.

వచ్చినవాళ్లెవరూ పెద్ద ఆస్తిపరులు కారు. ఒకాయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఒకాయనది ఆదోనిలో పత్తి వ్యాపారం. ఇద్దరు బడిపంతుళ్లు. తాతల బళ్లు బయటికి తీసుకొచ్చిన ఇంజనీరింగు పిల్లలు కొందరు. పాత బళ్లతో గుంపుగా తిరగడం కొత్తదేమీ కాదు, ఇంగ్లండులో ఎం.జి. స్పోర్ట్స్ కార్ల క్లబ్బు 1930లోనే పుట్టింది. అక్కడ పాత స్పోర్ట్స్ కార్ల వాళ్లు ఏటా రోజుల తరబడి కలిసి తిరగడం, దారిలో ఒకరి బండికి ఒకరు చెయ్యి వేయడం ఆనవాయితీ. ఎం.జి. లాంటి బండి మన సీమలో ఎవరింటి ముందు నిలబడింది చెప్పు? మనకు పరుగంటే జావా, ఎజ్డీ, ఆపైన బుల్లెట్టు. అక్కడ ఆ కార్లమీద ఉండే ప్రేమ ఇక్కడ ఈ రెండు చక్రాల మీద నిలిచింది.

అయినా ఒక కారు వచ్చింది బావా, అది చెప్పకుండా ముందుకు పోలేను. బెంగళూరు నుంచి ఒక కుటుంబం లేత నీలం రంగు స్టాండర్డ్ హెరాల్డ్ తోలుకొచ్చింది. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి చేసిన బండి, 948 సీసీ ఇంజను. దాని బానెట్టు మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకు వాలుతుంది. అట్లా వాల్చినప్పుడు ఇంజనే కాదు, ముందు చక్రాలు, స్టీరింగు కడ్డీలు అన్నీ బయటపడతాయి. టైరు మీద కూర్చొని ఇంజను పని చేసుకోవచ్చు. దాని ఆకారం గీసినవాడు ఇటలీ దేశపు మికెలోట్టి. ఇంగ్లండులో ట్రయంఫ్ వాళ్లు ఇదే హెరాల్డ్ చాసిస్‌ను పొట్టి చేసి 1962లో స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు తీశారు. దాన్నీ మికెలోట్టే గీశాడు. అంటే కొండారెడ్డి బురుజు కింద నిలబడిన ఆ నాలుగు సీట్ల బండి ఒక అసలైన స్పోర్ట్స్ కారుకు అక్క. కారు నడిపింది ఆ ఇంటి ఆడపిల్ల. ఎంత నిదానంగా, ఎంత తెలిసి నడిపిందో! గేరు మార్చేటప్పుడు ఇంజను ఎక్కడా మూలగలేదు.

ఆ కారు వెనక సీట్లో మైసూరు పెద్దాయన ఒకరు వచ్చారు. యాదవగిరిలోని ఐడియల్ జావా ఫ్యాక్టరీలో ఇంజన్లు బిగించిన మనిషి. ఇప్పుడు బండి తోలే ఓపిక లేదు, కానీ మూడు రోజులూ మాతోనే ఉన్నారు. ఓర్వకల్లు రాతివనం దగ్గర టీ కోసం ఆగినప్పుడు పిల్లలు చుట్టూ చేరి ఫ్యాక్టరీ కథంతా చెప్పించుకున్నారు. నీకు కొంత తెలిసిందే, అయినా రాస్తాను.

చెకోస్లొవేకియాలో ఆయుధాలు చేసే యానెచెక్ (Janecek) అనే యజమాని 1929లో జర్మనీ వాండరర్ (Wanderer) కంపెనీ మోటారుసైకిల్ డిజైను కొన్నాడు. తన పేరు మొదటి అక్షరాలు, దాని పేరు మొదటి అక్షరాలు కలిపి జావా అన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఆక్రమణ కింద ఉంటూనే అక్కడి ఇంజనీర్లు రహస్యంగా ఒక 250 సీసీ బండిని రూపొందించుకున్నారు. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, 1946లో, దాన్ని పారిస్ ప్రదర్శనలో పెట్టారు. మన మెరూన్ జావా ఆ వంశానిదే. రుస్తుం ఇరానీ, ఫరూక్ ఇరానీ మైసూరులో ఐడియల్ జావా మొదలుపెట్టింది 1960లో. మరుసటి ఏడు బళ్లు బయటికి రావడం మొదలైంది. 1973 నుంచి ఎజ్డీ పేరు, 1978లో రోడ్‌కింగ్. 1980ల నడుమ జపాన్ పొత్తుతో వంద సీసీ బళ్లు దిగాయి. లీటరుకు అవి పోయే దూరంలో సగం కూడా వీటికి రాదు. పొగ నిబంధనలు బిగిశాయి, ఫ్యాక్టరీలో కార్మికుల తగాదాలు తెగలేదు. 1996లో తలుపులు మూశారు. 2018లో జావా పేరుతో, 2022లో ఎజ్డీ పేరుతో మరో కంపెనీ కొత్త బళ్లు తెచ్చింది గానీ అవి ఫోర్ స్ట్రోకు ఇంజన్లు, మన టూ స్ట్రోకు బళ్లకంటే వాటి దారి వేరు.

పెద్దాయన ఒక మాట చెప్పారు. కొన్నవాడి ఊళ్లో మెకానిక్కు ఉండడనుకొనే ఈ బండిని గీశారట. అందుకే బండితో పాటు పనిముట్ల సంచి ఇచ్చేవాళ్లు. గొలుసు మొత్తం ఇనప తొడుగులో మూసి ఉంటుంది, మన దుమ్ము దానికి తగలదు. కిక్కు కొట్టే లివరే గేరు లివరు కూడా. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, తిరిగి దాని చోటికి వదిలితే గేరు. గేరు వేసేటప్పుడు క్లచ్ పట్టకపోయినా ఆ లివరే క్లచ్చును విడదీస్తుంది. కొత్త పిల్లలకు ఇది చూపించి వాళ్ల మొహాలు చూడడం మాకొక పండగ. వాల్వులు లేవు, క్యామ్ లేదు. కదిలే భాగాలు తక్కువ కాబట్టి చెడిపోయేవీ తక్కువే, చెడిపోతే చెట్టు కిందే బాగుచేసుకోవచ్చు.

ఓర్వకల్లు నుంచి పాణ్యం, అక్కడినుంచి బనగానపల్లె. పాణ్యంలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. బనగానపల్లెలో బళ్లన్నీ వరసగా నిలబెడితే ఊరు ఊరంతా వచ్చింది. ఒక అవ్వ నా జావా హ్యాండిలు తడిమి, "ఎద్దుల్లేని బండ్లు వస్తాయని బ్రంగారు ఎప్పుడో చెప్పినాడు గదప్పా, ఇదేనా అది?" అని అడిగింది. వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం రాశాడని చెప్పుకునే రవ్వలకొండ అక్కడికి దగ్గరే గదా, ఆ ఊళ్లో ఆ మాట రావడం సహజం. ఆ రాత్రి యాగంటిలో ఉన్నాం. కొండ నుంచి కోనేటిలోకి పడే నీళ్లు జనవరిలోనూ ఆగలేదు. ఆ నీళ్లతో మొహం కడుక్కుంటే దారి దుమ్మంతా పోయింది.

అసలు సంగతి ఆదివారం పొద్దున జరిగింది.

యాగంటి నుంచి దిగి అవుకు వైపు పోతున్నాం. ఎదురుగాలి, సన్నగా ఎక్కుడు. లైన్‌మన్ అన్న ఎజ్డీ వెనక ఇంకో మనిషి, రెండు సంచుల బరువు. ఉన్నట్టుండి వెనక చక్రం కీచుమని జారింది. అన్న తడబడకుండా క్లచ్ పట్టి రోడ్డు పక్కకు దిగాడు. కిక్కు లివరు కదలడం లేదు. పిస్టను పట్టేసింది. టూ స్ట్రోకు ఇంజన్లో సిలిండరు గోడకు నూనె పెట్రోలుతో కలిసే పోవాలి. పెట్రోలు తగ్గితే నూనె తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. అల్యూమినియం పిస్టను ఇనుము కంటే తొందరగా వ్యాకోచించి గోడకు కరుచుకుంటుంది. మన ఎండల్లో ఇది అందరికీ తెలిసిన జబ్బే, చలికాలంలో మాత్రం వచ్చిందంటే వేరే కారణం వెతకాలి.

మాతో నంద్యాల భాయ్ ఉన్నాడు. నీకు గుర్తుండాలి, మనం డిగ్రీలో ఉన్నప్పుడు ఆయన మెకానిక్ షెడ్డు ముందు నిలబడి గంటలు గంటలు చూసేవాళ్లం. ఇప్పుడు డెబ్బై దాటాయి, షెడ్డు మూసేశాడు, సొంత జావా మీద వచ్చాడు. ఎవరో కిక్కు మీద కాలేసి బలంగా తొక్కబోతే అరిచాడు: "ఒరే, కొట్టొద్దండ్రా! పట్టుకోనుండాది అంతే. సల్లారనీండి."

అరగంట చింతచెట్టు కింద కూర్చున్నాం. ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో రెండు మూతల ఆయిల్ పోయించాడు. ఇంజను చల్లారాక లివరును చేత్తోనే మెల్లగా కదిపితే వదులైంది. సరిపోతుందనుకున్నాం. భాయ్ ఒప్పుకోలేదు, విప్పాల్సిందే అన్నాడు. తాను మాత్రం స్పానరు ముట్టలేదు. ఇంజనీరింగు పిల్లోడు ఒకణ్ణి పిలిచి కూర్చోబెట్టాడు. ముందు కార్బొరేటరు, తర్వాత రెండు సైలెన్సరు గొట్టాల నట్లు, తర్వాత హెడ్డు మీది నాలుగు నట్లు. హెడ్డు లేచింది, బ్యారెల్ లేచింది, పిస్టను ఎండలోకి వచ్చింది. సైలెన్సరు వైపు గీతలు పడి ఉన్నాయి, పై రింగు గాడిలో ఇరుక్కుపోయింది. పిల్లోడు సన్నటి ఎమిరీ కాగితంతో ఆ గీతల మీది మెరుపు తీశాడు. రింగును చంటిబిడ్డ గోళ్లు తీసినంత జాగ్రత్తగా వదులు చేశాడు. బ్యారెల్ గోడకు అంటుకున్న అల్యూమినియాన్ని వేలితో తడిమి, ఎక్కడ గరుకు తగిలితే అక్కడే రుద్దాడు. భాయ్ పక్కనే గొంతుక్కూర్చొని "పైకీ కిందికీ వద్దు నాయనా, అడ్డంగా రుద్దు, ఆ గీతల్లోనే ఆయిల్ నిలుస్తాది" అని చెబుతూ ఉన్నాడు.

ఇంతలో మరొకరు కార్బొరేటరు విప్పారు. జెట్టు రంధ్రంలో గింజంత మట్టి పెళ్ల ఉంది. రోగం అక్కడ. సన్నటి రాగి వైరు పోగుతో తీసేశారు. బ్యారెల్ కింది ప్యాకింగు చిరిగిపోయింది, దగ్గర కొత్తది లేదు. ఆదోని ఆయన సంచిలో ఎవరిదో పెళ్లి పత్రిక ఉంది, మంచి దళసరి కాగితం. బ్యారెల్ను దాని మీద పెట్టి చుట్టూ గీసి, కత్తెరతో కత్తిరించి, గ్రీసు రాసి బిగించారు. రెండు గంటల్లో బండి పలికింది. కడప దాకా మళ్లీ ఆగలేదు.

బావా, నేను ఏటా వీళ్లతో పోయేది ఈ రెండు గంటల కోసం. పాత బండిని తుడిచి, మెరుగుపెట్టి, ఏ హాల్లోనో నిలబెట్టొచ్చు. ఆ పిల్లోడి వేళ్లకు ఆ పూట తెలిసిన విద్యను మాత్రం ఏ హాల్లోనూ దాచలేం, అది బండి నడిస్తేనే, చెడిపోతేనే, పక్కన తెలిసినవాడు ఉంటేనే ఒకరి నుంచి ఒకరికి వస్తుంది. భాయ్ లాంటివాళ్లు మన పాత కర్నూలు, కడప జిల్లాల్లో ఎంతమంది మిగిలారో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్ల షెడ్లన్నీ మూతపడ్డాయి. వాళ్ల కొడుకులు వేరే పనుల్లో స్థిరపడ్డారు, అది వాళ్ల మేలుకే. భాయ్ ఇంకో పదేళ్లు రోడ్డు పక్కన గొంతుక్కూర్చోగలడని నేననుకోను. అందుకే నాకు తొందరగా ఉంది.

అవుకు రిజర్వాయరు దాటాక దారి పొడుగునా నాపరాయి గనులు. రోడ్డుకు రెండు పక్కలా బండలు పేర్చి ఉన్నాయి. కొలిమిగుండ్ల మండలంలో బెలుం గుహల దగ్గర ఆగాం. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లకు, 1982, 83లలో, గెబావర్ అనే జర్మన్ తన జట్టుతో లోపల పాకి కొలిచాడు. 3,229 మీటర్ల పొడుగు. నువ్వు చూసిందే కాబట్టి ఎక్కువ రాయను. పిల్లలు లోపలికి పోయారు, పెద్దవాళ్లం పైన బళ్ల నట్లు బిగించుకున్నాం.

రాత్రి గండికోటలో. కోట బయట గుడారాలు వేయించాం. జమ్మలమడుగు వంటమనిషి రాగిసంగటి, నాటుకోడి పులుసు, చెనక్కాయల ఊరిబిండి చేశాడు. తిన్నాక మాటలన్నీ పెట్రోలు మీదకు పోయాయి. ఇప్పుడు బంకులో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. బండి వారాల తరబడి నిలబడితే నీళ్లు ట్యాంకు అడుగున చేరి తుప్పు పట్టిస్తాయి, పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి మెత్తబడతాయి. మైసూరు పెద్దాయన చెప్పిన జాగ్రత్త తేలికైనదే: బండి నిలబెట్టే ముందు పెట్రోలు కాక్ కట్టేసి, కార్బొరేటరులో ఉన్నదంతా కాలి ఇంజను దానంతటదే ఆగేదాకా వదిలేయాలి. గొట్టాలు ఇథనాల్ తట్టుకునేవి మార్చుకోవాలి. టూ-టి ఆయిల్ బంకువాడి చేతికి వదలకుండా లీటరుకు ఎంతో మనమే కొలిచి పోయాలి.

పొద్దున గండికోట ఊరి బడిలో జెండా ఎగరేశారు. మమ్మల్నీ పిలిచారు. కోట లోపలి దారిలో బళ్లు ఒక్కొక్కటిగా పోతుంటే బడిపిల్లలు వెనక పరుగెత్తారు. తర్వాత మాధవరాయ గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం చూశాం. కోటను ఏలిన పెమ్మసాని వాళ్ల చేతుల్లోంచి గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీన్ని 1650లో పట్టుకున్నాడు. రెండేళ్లకు ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ వచ్చి అతన్ని ఇక్కడే కలిశాడు, కోటలో ఫిరంగులు పోత పోయించే పని గురించి రాసి పెట్టాడు. ఆ పోతపని ఇప్పుడా ఊళ్లో లేదు. పెన్న కొండను కోసుకుంటూ పారే ఆ అంచున నిలబడి హెరాల్డ్ అమ్మాయి, "ఇంత గొప్ప చోటు బెంగళూరుకు ఇంత దగ్గరలో ఉందని ఎవరూ చెప్పలేదే!" అంది. నాకు సంతోషమైంది, మన ఊళ్లను చూసి ఒకరు అట్లా అంటే ఎవరికి కాదు.

అక్కడినుంచి ఎగువకు చూస్తే గండికోట రిజర్వాయరు. మీ తాళ్లప్రొద్దుటూరు ఆ నీళ్ల కింద ఉంది. 2020లో ఊరు ఖాళీ చేయించినప్పుడు నువ్వు కువైట్‌లోనే ఇరుక్కుపోయావు, విమానాలు లేవు. సామాన్లతో పాటు మీ నాయన రోడ్‌కింగ్‌ను ట్రాక్టరులో వేసుకొని జమ్మలమడుగుకు తెచ్చింది మీ అక్కే. ఆ బండి మీద తాడిపత్రి దాకా విత్తనాల మూటలతో ఆయన పోయి రావడం, నిన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకోవడం నేనూ చూశాను. ఆ రోడ్డూ ఇప్పుడు నీళ్లలోనే ఉంది. బండి మాత్రం పైన ఉంది.

మధ్యాహ్నం మీ అక్క ఇంటికి పోయాం, నేనూ భాయ్ ఇద్దరమే. అక్క అలసంద వడలు చేసి పెట్టింది. రోడ్‌కింగ్ వెనక కొట్టంలో, పట్టా కింద, చెనక్కాయ మూటల వెనక ఉంది. మూటలు జరిపి బయటికి తెచ్చాం. టైర్లు పగుళ్లిచ్చాయి. వైర్లు ఎలుకలు కొరికాయి. ట్యాంకు మూత తీస్తే లోపల ఎర్రగా తుప్పు. సీటు కింద పనిముట్ల సంచి అట్లాగే ఉంది, మీ నాయన కట్టిన ముడితో. భాయ్ ప్లగ్గు విప్పి ఆయిల్ పోశాడు, కాసేపు ఆగాడు. తర్వాత లివరు లోపలికి నొక్కి చేత్తో తిప్పాడు. ఇంజను తిరిగింది బావా. ఎక్కడా పట్టలేదు. ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టి మళ్లీ తిప్పాడు, గాలి వేలిని పైకి తోసింది. "లోపల బాగుండాది. దీన్ని ఇట్లా పడేస్తే పాపం తగుల్తాది" అన్నాడు. ట్యాంకుకు లోపల కడిగింపు, కొత్త వైరింగు, టైర్లు, రబ్బర్లు, క్రాంకు ఆయిల్ సీళ్లు. ఇవి వేస్తే బండి నడుస్తుందని ఆయన లెక్క. సామాన్లు బెంగళూరులో, మైసూరులో ఇంకా దొరుకుతున్నాయి.

అప్పుడు మీ అక్క చెప్పింది. పాత సామాన్ల మనిషి రెండుసార్లు వచ్చి పోయాడట, కేజీల లెక్కన ఇనుము ధర చెప్పాడట. నువ్వు ఫోన్లో "ఇచ్చెయ్ అక్కా, అది ఇంక ఎవరికి" అన్నావట. నీ మనసు నాకు తెలుసు. ఊరే పోయినాక బండెందుకు అనుకొని ఉంటావు. అక్క మాత్రం ఇవ్వడానికి చేతులు రాక ఉగాది దాకా ఆగమని అతనికి చెప్పింది.

మిగతావాళ్లను కలుసుకొని, ప్రొద్దుటూరు, చాపాడు, మైదుకూరు మీదుగా కడప వైపు పోయాం. చాపాడు దగ్గర కె.సి. కాలువ తగిలింది. కర్నూలు పక్కన సుంకేసుల నుంచి కడప దాకా వచ్చే ఈ కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1860లలో తవ్వడం మొదలుపెట్టింది. నీళ్లతో పాటు పడవలూ నడపాలన్నది మొదటి ఆలోచన. కంపెనీకి లాభం రాలేదు, 1882లో సర్కారు కొనేసింది. కొన్నవాళ్లు పోయారు, అమ్మినవాళ్లు పోయారు, మన పాత రెండు జిల్లాలు ఇప్పటికీ ఆ నీళ్లతో వరి, పసుపు పండించుకుంటున్నాయి. గట్టు మీద నిలబడి అందరం చెరుకు నమిలాం. సాయంత్రానికి కడప ఏడురోడ్ల కూడలి చేరి, కారం దోసె తిని, ఎవరి దారిన వాళ్లం విడిపోయాం. లైన్‌మన్ అన్న మాత్రం పెళ్లి పత్రిక ఇచ్చిన ఆదోని ఆయనను వదల్లేదు, ఆ పెళ్లికి తాను కూడా రావాల్సిందేనని చెప్పి మరీ పోయాడు.

ఇప్పుడు నేనడగాల్సింది. బండి అమ్మొద్దు. నీ దగ్గర డబ్బు అడగడం లేదు, సామాన్ల ఖర్చు నేను చూసుకుంటాను, పని భాయ్ చేయిస్తానన్నాడు. తన చేత్తో కాదు, ఆ ఇంజనీరింగు పిల్లోడి చేత చేయిస్తాడట. అట్లా అయితేనే ఒప్పుకుంటానన్నాడు. నాకు కావలసింది కాగితాలు. ఆర్.సి. పుస్తకం నీ దగ్గరే ఉందని అక్క చెప్పింది. బండి మీ నాయన పేరు మీదే ఉంది కాబట్టి, వారసుడిగా నీ పేరు మీదికి మారాలంటే ఫారం 31 పెట్టాలి, మరణ ధ్రువపత్రం, అక్క అంగీకార పత్రం జతచేయాలి. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ పొడిగించడానికి ఫారం 25. ఇరవై ఏళ్లు దాటిన మోటారుసైకిల్‌కు నిరుడు ఆగస్టు నుంచి రుసుము 2,000 రూపాయలు, ఆలస్యానికి పడేది వేరే. బండి 1982ది కాబట్టి యాభై ఏళ్లు నిండిన బళ్లకు ఇచ్చే వింటేజ్ నంబరు దీనికి ఇంకా వర్తించదు. ఆ నంబరు తీసుకుంటే రోజూ తిరిగే పనికి వాడకూడదు కూడా. నడవాల్సిన బండికి మామూలు నంబరే మేలు. సంతకాలు పెట్టి ఎవరైనా వచ్చేవాళ్ల చేత పంపు. మిగతా తిరుగుడు నేను తిరుగుతాను.

జులై రెండో ఆదివారం ప్రపంచమంతటా జావా వాళ్లు బళ్లు బయటికి తీసే రోజు. ఈ ఏడు అది 12వ తేదీ. ఆ రోజుకు రోడ్‌కింగ్‌ను జమ్మలమడుగు నుంచి గండికోట దాకా నడిపించాలని భాయ్, నేను అనుకున్నాం. నీకు సెలవు దొరికితే నువ్వే తోలాలి, దొరకకపోతే ఆ పిల్లోడు తోలుతాడు.

ఉగాది మార్చి 19న. ఆలోపలే మీ అక్కకు ఫోన్ చేసి, బండి ఎవరికీ ఇవ్వొద్దని చెప్పు.

ఇట్లు,
నీ బావ